మంగతాయారు కంట్లో మెరుపు

నరసాపురం దగ్గర కాలవగట్టు మీద ఉన్న ఒక ఊళ్లో మంగతాయారు అనే లేసులు అల్లే ఆవిడ ఉండేది. ఎంత భయం వేసినా ఆ మాట నోటితో ఒప్పుకునేది కాదు.

చిన్నప్పటినుంచీ ఆమెకు దూరం ఆనేది కాదు. ఏటేటా అద్దాల మందం పెరిగి, పెళ్లినాటికే సోడాబుడ్డి కళ్లజోడు వచ్చింది. ఆ జోడు తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో తలుపో తేల్చుకోలేకపోయేది. కానీ ముక్కుకి బెత్తెడు దూరంలో ఉన్నది మాత్రం ఆమెకు కనిపించినంత బాగా ఊళ్లో ఎవరికీ కనిపించేది కాదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, లేసును ముఖానికి దగ్గరగా పట్టుకుని, కొక్కెం సూదితో చకచకా అల్లుకుంటూ పోయేది. దారంలో పురి కూడా ఆమె కంటికి తెలిసేది. మధ్యాహ్నం పూట అరుగుల మీద కూర్చుని లేసులు అల్లే ఆడవాళ్లు, చిక్కుపడిన అల్లిక ఏదైనా ఉంటే తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్లు.

ఇక ఆమె భయాల సంగతి. ఒకసారి స్నానాల గదిలో పాము కనిపించింది. ఆమె గోడకు అతుక్కుపోయింది. పాము దానంతటది తూములోంచి వెళ్లిపోయాక బయటికి వచ్చి, "పాము వస్తే తోలేశాను" అంది. ఊరంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఆమెకు తీపిగా ఉండేది. అప్పటినుంచి ఉరుములకైనా, జ్వరానికైనా, దేనికైనా ఆమె ఒకటే మాట అనేది. "నాకు భయమేంటి!"

యాభై దాటాక ఆమె చూపు మసకబారడం మొదలుపెట్టింది. దీపాల చుట్టూ వెలుగు చెదిరి కనిపించేది. ఎండలోకి వస్తే అంతా తెల్లగా అలుముకుపోయేది. కొన్నాళ్లకు బెత్తెడు దూరంలో ఉన్న లేసు కూడా పొగమంచులో ఉన్నట్టు తోచింది. ఒక బల్లగుడ్డ మధ్యలో పువ్వుకి రెండు రేకులు తక్కువ అల్లేసి, అది చూసి రహస్యంగా విప్పేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఆమె తల్లికి శుక్లం వస్తే ఎప్పుడో పాతరోజుల్లో ఆపరేషన్ చేశారు. చీము పట్టి ఆ కన్ను పోయింది. తెల్లటి ఆ కన్ను మంగతాయారుకు ఇప్పటికీ కలలో వచ్చేది. అందుకే కళ్ల డాక్టరు అన్న మాట ఇంట్లో వినపడకుండా చూసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం అల్లిన లేసులు ఇచ్చేసి కాలవగట్టు వెంట ఇంటికి వస్తోంది. ఎండ కళ్లలో కొడుతోంది. పక్కన పచ్చగా నేల కనిపించింది. దాని మీదుగా పోతే దారి దగ్గరని అడుగు వేసింది. అది నేల కాదు. కాలవ నిండా పెరిగిన గుర్రపుడెక్క. ఒక్కసారిగా గుండెల దాకా నీళ్లలో దిగిపోయింది. కింద వేళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. చేతులు పచ్చటి ఆకుల మీద పడి జారిపోతున్నాయి. ఎలాగో గట్టున ఉన్న తుమ్మ మొక్క మొదలు చేతికి దొరికింది. ముళ్లు గుచ్చుకుంటున్నా వదలకుండా పట్టుకుని, పాకి పైకి వచ్చింది. గట్టు మీద చాలాసేపు అలాగే బోర్లా పడుకుంది. తర్వాత లేచి, చీర పిండుకుని ఇంటికి నడిచింది.

ఆమె భర్త గంగరాజు కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసేవాడు. నీళ్లు వదలడం, ఆపడం అతని పని. ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు.

"చీర తడిసిందేంటి తాయారూ?" అన్నాడు.

"రేవులో కాళ్లు కడుక్కుంటుంటే జారానండి. అంతే."

"చేతులనిండా ఆ రక్తమేంటి? కళ్లజోడేది?"

మంగతాయారు ముఖం తడుముకుంది. కళ్లజోడు లేదు. కాలవలో పడిపోయిందన్న సంగతి అప్పటిదాకా ఆమెకే తెలియదు. గుమ్మంలో నిలబడి, భర్త ఏ వైపు ఉన్నాడో తెలియక గోడ వైపు చూస్తూ నవ్వబోయింది. గంగరాజుకి అంతా అర్థమైంది. అతను గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "రేపు భీమవరం వెళ్తున్నాం" అన్నాడు. అంతే.

భీమవరంలో కంటి ఆసుపత్రి డాక్టరు రెహానా. ఆవిడ కంట్లో చుక్కలు వేసి, దీపం వేసి, ఒకదాని తర్వాత ఒకటిగా రెండు యంత్రాల ముందు కూర్చోబెట్టి చాలాసేపు కొలతలు తీసింది. మంగతాయారు గడ్డం యంత్రం మీద ఆనించి, ఒడిలో చేతులు రెండూ బిగించి పట్టుకుని కూర్చుంది.

"అమ్మా, రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయి" అంది డాక్టరు. "తీసేసి, లోపల చిన్న లెన్సు పెడతాం. అందరికీ చేసేదే. కానీ మీ కన్ను అందరి కన్నులాంటిది కాదు. మామూలు కన్ను గుండ్రంగా ఉంటుంది. మీది వెనక్కి సాగి కోడిగుడ్డులా పొడుగ్గా ఉంది. అందుకే మీకు దూరం ఆనదు. కన్ను సాగిందంటే లోపల వెనకవైపు ఉండే పొర కూడా సాగి పల్చబడిందన్నమాట. ఆ పొర మీదే బొమ్మ పడేది."

"మా తోటికోడలికి నిరుడు చేశారండి ఈ ఆపరేషన్. చీమ కుట్టినట్టు కూడా లేదంది" అంది మంగతాయారు.

"ఆవిడకి పెట్టిన లెన్సు మీకు పనికిరాదు. మీకు చాలా తక్కువ పవరున్నది కావాలి. అది ఇక్కడ ఉండదు. తెప్పించాలి."

గంగరాజు కల్పించుకున్నాడు. "అంత తక్కువ పవరైతే అసలు పెట్టకపోతే ఏమవుతుందండీ?"

"పెడితేనే మంచిది. పవరు లేకపోయినా ఆ లెన్సు లోపల అడ్డుగోడలా ఉంటుంది. వెనకున్న జిగురులాంటి పదార్థం ముందుకి జారకుండా ఆపుతుంది." డాక్టరు మంగతాయారు వైపు తిరిగింది. "మీరేం పని చేస్తారమ్మా?"

"లేసులు అల్లుతానండి."

"అయితే దగ్గర పనికి కళ్లజోడు అక్కర్లేకుండా చూద్దాం. మూరెడు దూరంలో ఉన్నది ఉత్తి కంటికి బాగా కనిపించేలా లెన్సు ఎంచుతాను. దూరానికి పల్చటి అద్దాలు పెట్టుకుందురుగాని. ఇంత పొడుగు కంటికి కొలత కాస్త అటూ ఇటూ కావచ్చు. అదీ ముందే చెబుతున్నాను."

తర్వాత ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, నెమ్మదిగా చెప్పింది. "ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఇలాంటి పల్చటి పొరకి ఆపరేషన్ తర్వాత ఎప్పుడైనా చిరుగు పడవచ్చు. అందరికీ పడదు. పడితే మాత్రం కన్ను ముందే చెబుతుంది. కంటి పక్కన మెరుపులు మెరిసినట్టు ఉంటుంది. దోమలు ఎగిరినట్టు నల్లటి చుక్కలు వస్తాయి. అప్పుడే వస్తే లేజరుతో అతికించేస్తాం. నొప్పి ఉండదు కదా అని ఊరుకుంటే పొర ఊడిపోతుంది. తెర దించినట్టు చూపు పోతుంది. మెరుపు కనిపించిన రోజే రావాలి. పండగైనా, పెళ్లయినా సరే."

మంగతాయారుకు చెవుల్లో హోరుమంది. తల్లి తెల్లటి కన్ను ఎదురుగా నిలబడింది.

"భయంగా ఉందా?" అని అడిగింది డాక్టరు.

"నాకు భయమేంటండీ!" అంది మంగతాయారు.

ముందు ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పి, ఒక కన్ను మాత్రం బయటికి ఉంచారు. పైన తెల్లటి వెలుగు. మత్తు చుక్కలు వేశారు కాబట్టి నొప్పి లేదు. కానీ గుడ్డ కింద ఊపిరి ఆడనట్టు అనిపించింది. కంట్లో ఏదో జరుగుతున్న సంగతి తెలుస్తోంది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే బాగుండును అనుకుంది. పక్కనే నర్సు ఉంది. అడిగితే పట్టుకునేదే. మంగతాయారు అడగలేదు. మంచం అంచును గోళ్లు విరిగేలా పట్టుకుంది.

మర్నాడు కట్టు విప్పారు.

ముందు అంతా నీళ్లలోంచి చూసినట్టు కదిలింది. తర్వాత తేటపడింది. డాక్టరు ముక్కుపుడక కనిపించింది. గోడ తెల్లగా ఉంది. ఇన్నేళ్లూ తెలుపంటే ఆ మసక పసుపే అనుకుంది ఆమె. గుమ్మం దగ్గర గంగరాజు నిలబడి ఉన్నాడు. కళ్లజోడు లేకుండా అంత దూరం నుంచి భర్త ముఖాన్ని ఆమె పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు. కొంచెం మసకగానే ఉన్నా ముఖమే అది. మీసం పూర్తిగా తెల్లబడిపోయింది.

"ఇంత ముసలాడివైపోయావేంటి?" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి నోట ఆ మాట రాగానే గంగరాజు నవ్వాడు. నవ్వుతూనే పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక చూడటానికి ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చారు. తోటికోడలు వీరకాంతం అందరికంటే ముందు వచ్చింది. వీరకాంతం ఇల్లు పక్క సందులోనే.

"భయపడ్డావా అక్కా?" అంది వీరకాంతం.

"భయమా! పడుకుని నిద్రపోయాను."

"మా అక్క పులి" అంది వీరకాంతం. అందరూ తలలూపారు.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. మూరెడు దూరంలో లేసు పెట్టుకుని, వంగకుండా కూర్చుని అల్లడం ఆమెకు కొత్తగా, హాయిగా ఉంది. కుడి కన్ను ఆపరేషన్ వానలు తగ్గాక పెట్టుకుందామని డాక్టరు చెప్పింది. ఈలోగా వీరకాంతం కూతురు హైమ పురిటికి పుట్టింటికి వచ్చింది. సీమంతానికి ముహూర్తం పెట్టారు. హైమను మంగతాయారు తన చేతులమీద పెంచింది. పిల్లకి ఆమె పెద్దమ్మ అయినా, సగం అమ్మ కిందే లెక్క. హారతి నువ్వే ఇవ్వాలని వీరకాంతం ముందే చెప్పింది.

ముహూర్తం ఇంకా రెండు రోజులు ఉందనగా, సాయంత్రం దీపాల వేళ మంగతాయారు వంటింట్లో బియ్యం కడుగుతోంది. ఎడమ కంటి పక్కన తళుక్కున మెరిసింది. కిటికీ వైపు చూసింది. బయట ఆకాశం నిర్మలంగా ఉంది. మళ్లీ బియ్యం వైపు తిరిగింది. మళ్లీ మెరిసింది. కళ్లు మూసుకుంది. అయినా మెరిసింది.

ఆమె చేతిలోని గిన్నె అలాగే ఆగిపోయింది. డాక్టరు చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గంగరాజు పక్క గదిలోనే రేడియో వింటున్నాడు. "ఏవండీ" అని పిలిస్తే చాలు. నోరు తెరిచింది. పులి అన్న మాట గుర్తొచ్చింది. భీమవరం గుర్తొచ్చింది. ఆకుపచ్చ గుడ్డ గుర్తొచ్చింది. 'ఇది అది కాదు' అనుకుంది. 'అలసటకి అలా ఉంటుంది. పైకి అంటేనే నిజమైపోతుంది.' నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్న అన్నం వార్చేటప్పుడు గిన్నె మీద నల్లటి చుక్కలు ఎగిరాయి. చెయ్యి విసిరింది. అవి కదిలాయి గానీ పోలేదు. కన్ను ఎటు తిప్పితే అటు వచ్చాయి.

"ఏంటలా చెయ్యి విసురుతున్నావు?" అన్నాడు గంగరాజు.

"దోమలండి."

"నాకేం కనపడట్లేదే."

"మీకు కనపడకపోతే లేనట్టా?" అని కసిరింది. అతను ఇంకొక్క మాట అడిగితే ఏడ్చి చెప్పేసేదే. అడగలేదని ఊపిరి పీల్చుకుంది. అడగలేదని బాధ కూడా పడింది.

ఆ రోజంతా వీరకాంతం ఇంట్లో అరిసెలకి పిండి కొట్టించారు. మంగతాయారు అందరితో కలిసి పాకం పట్టింది, నవ్వింది, పాట పాడింది. లోపల మాత్రం ఒక్కటే లెక్క. కన్ను మూస్తే మెరుపు. తెరిస్తే దోమలు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు కదా అని తనకు తానే పదేపదే చెప్పుకుంది. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ముక్కు వైపునుంచి ఒక నల్లటి అంచు కంటికి అడ్డం వచ్చింది. కొంగు పడిందేమో అనుకుని తోసుకుంది. కొంగు కాదు. అది తోస్తే పోయేది కాదు. గోడ పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడైనా చెప్పవచ్చు. 'రేపు సీమంతం. ఇప్పుడు చెబితే అందరి సంతోషం పాడు చేసినదాన్నవుతాను. ఎల్లుండి పొద్దున్నే వెళ్తాను' అనుకుంది. అలా అనుకోగానే తన భయానికి ఒక మంచి పేరు దొరికినట్టయింది.

తెల్లవారేసరికి నల్ల తెర సగం కన్ను దాటి వచ్చింది.

కుడి కంట్లో ముదిరిన శుక్లం. ఎడమ కంట్లో సగం చీకటి. ఆ చూపుతోనే మంగతాయారు పట్టుచీర కట్టుకుని సీమంతానికి వెళ్లింది. హైమ పీట మీద కూర్చుంది. చేతులనిండా గాజులు, ఒడినిండా పళ్లు, పువ్వులు. ముత్తయిదువలు చుట్టూ చేరారు. వీరకాంతం వెలిగించిన కర్పూరపు పళ్లెం తెచ్చి తోటికోడలి చేతికి ఇచ్చింది.

మంగతాయారు హైమ ముఖం వైపు చూసింది. పిల్ల ముఖంలో సగమే ఉంది. ఒక కన్ను, సగం నవ్వు. మిగతాది నలుపు. ఆమె తల పక్కకి వంచింది. ముఖం ఇంకా తగ్గింది. పళ్లెం తిప్పుతూ పిల్ల ఎంత దూరంలో ఉందో అంచనా వేయలేకపోయింది. పళ్లెం అంచు పోయి హైమ భుజానికి తగిలింది. పళ్లెం వాలింది. మండుతున్న కర్పూరం జారి హైమ ఒళ్లో పడింది.

"అమ్మా!" అని హైమ కేక పెట్టింది.

ఎవరూ కదిలేలోపే వీరకాంతం ముందుకి దూకి, ఆ నిప్పును ఉత్తి చేత్తో తీసి విసిరికొట్టింది. రెండో చేత్తో చీరను అదిమేసింది. అంతా క్షణంలో జరిగిపోయింది. పట్టుచీర కుచ్చెళ్ల దగ్గర అరచేయంత మేర నల్లబడింది. హైమకి ఏమీ కాలేదు. వీరకాంతం అరచెయ్యి మాత్రం బొబ్బలెక్కింది.

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా మాట్లాడారు. "చూసుకోవద్దా!" అంది ఎవరో. "నిండు మనిషి మీద నిప్పు పోసేస్తావా!" అంది ఇంకొకరు. మంగతాయారుకు ఎవరు ఏ మాట అన్నారో తెలియలేదు. ఖాళీ పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది. హైమ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని వెక్కుతోంది. ఆ వెక్కు వినేసరికి ఇన్నాళ్లూ బిగపట్టినదంతా తెగిపోయింది.

"వీరకాంతం, నాకు భయమేస్తోంది" అంది.

ఆ మాట ఆమె నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"నాకు చాలా భయమేస్తోందే. ఎడమ కన్ను సగం పోయింది. మొన్న సాయంత్రం నుంచి మెరుపులొస్తున్నాయి. చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పిల్లని చంపేసేదాన్ని."

వీరకాంతం ఒక్క క్షణం ఆమెనే చూసింది. తిట్టాలంటే అంతకంటే అదను ఉండదు. కానీ తిట్టలేదు. కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని, రెండో చేత్తో మంగతాయారు భుజం పట్టుకుంది. "బావగారూ, కారు మాట్లాడండి" అని బయట కూర్చున్న గంగరాజుకి కేక వేసింది. "పదక్కా. దారిలో ఏడుద్దువుగాని."

డాక్టరు రెహానా దీపం వేసి కన్నంతా పరీక్షించింది. చివరికి దీపం ఆర్పి అడిగింది. "మెరుపులు ఎప్పుడు మొదలయ్యాయమ్మా?"

మంగతాయారు ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో వచ్చి ఉంటే లేజరు పెట్టి పంపేసేదాన్ని" అంది డాక్టరు. "ఇప్పుడు పొర ఊడిపోయింది. నడిమి భాగం కూడా లేచిపోయింది. చూపంతా ఉండేది అక్కడే. పెద్ద ఆపరేషన్ చెయ్యాలి. కన్నును నిలబెట్టడానికి ప్రయత్నిస్తాం. చూపు ఎంత వస్తుందో మాత్రం నేను మాట ఇవ్వలేను."

గంగరాజు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. "నేను అడిగానే, చెయ్యి ఎందుకు విసురుతున్నావని" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

వేరే ఊరి పెద్దాసుపత్రిలో ఆ ఆపరేషన్ జరిగింది. పొరను లోపలినుంచి అదిమి ఉంచడానికి కంట్లో గాలిబుడగ పెట్టారు. ఆ బుడగ సరైన చోట నిలవాలంటే రోజుల తరబడి ముఖం కిందికి పెట్టి ఉండాలన్నారు. తినడం, కూర్చోవడం, పడుకోవడం అన్నీ బోర్లాగానే. మంగతాయారు నేలను తప్ప ఏమీ చూడలేదు. ఆ నేల కూడా మసకే. ఒక్కోసారి కాలవలో ఆకుల కింద ఉన్నట్టు అనిపించి ఊపిరి ఎగబీల్చేది. అప్పుడు "ఏవండీ, భయంగా ఉంది" అని పిలిచేది. గంగరాజు వచ్చి వీపు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. భయం పోయేది కాదు గానీ, ఆ చెయ్యి ఉన్నంతసేపు భరించగలిగేది. ఇన్నేళ్ల కాపురంలో ఈ ఒక్క మాట అతనితో ఎందుకు అనలేకపోయానా అనుకుంది.

కన్ను నిలిచింది. చూపు సగం కూడా తిరిగి రాలేదు. ఎడమ కంటితో మనిషి వస్తున్నట్టు తెలిసేది. వచ్చింది ఎవరో తెలిసేది కాదు. లేసు దారం అసలే కనిపించేది కాదు. పోయినది ఇక రాదని డాక్టర్లు చెప్పారు.

వీరకాంతం చెయ్యి మానింది. అరచేతి మీద మచ్చ మాత్రం పడింది. హైమకి ఆడపిల్ల పుట్టింది. బాలసారె రోజు వీరకాంతం పిల్లను తెచ్చి మంగతాయారు ఒళ్లో పెట్టబోయింది. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"నాకు ఆనదే. పడేస్తానేమో" అంది.

"కూర్చునే పట్టుకో. నేను పక్కనే ఉంటా" అంది వీరకాంతం. పిల్ల బరువు ఒళ్లో పడగానే మంగతాయారు వంగి ముఖం దగ్గరగా పెట్టి చూడబోయింది. కుడి కంట్లో శుక్లం అడ్డం వచ్చింది. పిల్ల ముఖం పాలమీగడలా తెల్లగా, గీతల్లేకుండా ఉంది. మనవరాలి ముక్కు ఎలా ఉందో ఆమెకు తెలియలేదు.

మర్నాడు భర్తను తనే అడిగింది. "భీమవరం ఎప్పుడు వెళ్దామండీ?"

ఈసారి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆమె చేతుల్ని ఒళ్లో దాచుకోలేదు. బల్ల మీద పెట్టింది.

"చూడండమ్మా ఎలా వణుకుతున్నాయో" అంది. "నాకు చచ్చేంత భయంగా ఉంది. ఈ ఒక్క కన్నే మిగిలింది. మా అమ్మకి ఇలాగే ఆపరేషన్ చేస్తే కన్ను పోయింది. అప్పుడు మీరు చెప్పినవి విన్నాను గానీ, భయంతో సగం బుర్రకెక్కలేదు. మళ్లీ మొదట్నించి చెప్పండి."

డాక్టరు రెహానా మళ్లీ మొదటినుంచి చెప్పింది. తల్లికి చేసిన ఆపరేషనుకి, ఇప్పటిదానికి తేడా ఏమిటో చెప్పింది. ఇప్పుడు కూడా ప్రమాదం అసలు ఉండదని మాత్రం అనలేదు. కుడి కంటి లోపలి పొరను అంచుల దాకా వెతికి చూసింది. ఒకచోట పల్చబడి చిన్న చిల్లు ఉంది. దాని చుట్టూ ముందుగా లేజరు పెట్టించింది. అది అతుక్కున్నాకే శుక్లం తీద్దామంది. అంతవరకు ఆగారు.

ఆపరేషన్ రోజున ఆకుపచ్చ గుడ్డ కప్పబోతుండగా మంగతాయారు నర్సును పిలిచింది. "అమ్మాయ్, నా చెయ్యి పట్టుకుంటావా? నాకు భయం" అంది.

"అయ్యో, దానికేముందండీ" అంది నర్సు. ఆ పిల్ల అరచెయ్యి వెచ్చగా ఉంది. గుడ్డ కింద వెలుగు తెల్లగా విచ్చుకుంది. మంగతాయారు భయపడుతూనే ఉంది. కానీ కదలకుండా పడుకోగలిగింది.

కుడి కన్ను బాగా వచ్చింది. హైమ కూతురు ముక్కు అచ్చం హైమ ముక్కే. మంగతాయారు మళ్లీ అరుగు మీద కూర్చుని లేసు అందుకుంది. ఒంటి కంటితో సూది ఎక్కడ దిగుతుందో అంచనా కుదరడానికి చాలా రోజులు పట్టింది. మునుపటి వేగం రాలేదు. చిక్కుపడిన అల్లికలు ఇప్పుడు ఆమె దగ్గరికి అంతగా ఎవరూ తేవడం లేదు. ఆమె అల్లేది మాత్రం సాఫుగానే వస్తోంది.

ఒక మధ్యాహ్నం గంగరాజు భోజనానికి కూర్చున్నాడు. మంగతాయారు పులుసు వడ్డిస్తోంది. కుడి కంటి పక్కన ఏదో తళుక్కుమంది.

గరిటె అక్కడే వదిలేసింది. "ఏవండీ, లేవండి! కంట్లో మెరిసింది. నాకు భయంగా ఉంది. ఇప్పుడే వెళ్దాం" అని అరిచింది.

గంగరాజు కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. చెయ్యి కడుక్కుంటూనే చెప్పుల కోసం వెతికాడు. వీధిలో ఆడవాళ్లు ఏమైందని అడిగారు. "భయమేసింది, చూపించుకోవడానికి వెళ్తున్నాం" అని మంగతాయారు పైకే చెప్పింది. దారి పొడుగునా భర్త చెయ్యి వదల్లేదు.

డాక్టరు రెహానా చాలాసేపు చూసింది. దీపం ఆర్పింది. "ఏమీ లేదమ్మా. పొర గట్టిగానే ఉంది. ఏ గిన్నె మీదో ఎండ పడి మెరిసినట్టుంది" అంది.

మంగతాయారు సిగ్గుపడింది. "ఊరికే మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. ఈయన అన్నం కూడా తినలేదు."

"ఇలా ఇబ్బంది పెడుతూనే ఉండండి" అంది డాక్టరు. "మెరిసిన ప్రతిసారీ రండి. ఏమీ లేదని చెప్పి పంపించడమే నాకు ఇష్టం."

బయటికి వచ్చాక గంగరాజు నవ్వుతూ, "ఆకలేస్తోంది" అన్నాడు. ఇద్దరూ ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీలు తిన్నారు.

నీతి: భయం వేసినప్పుడు ఆ సంగతిని సాయం చేయగలిగినవారికి వెంటనే చెప్పాలి, ధైర్యవంతులమనిపించుకోవడానికి దాచుకుంటే మనమూ నష్టపోతాం, మనల్ని నమ్ముకున్నవాళ్లనూ ప్రమాదంలో పడేస్తాం.